శ్రీ రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం, హనుమకొండ

వరంగల్ నగరంలో హనుమకొండ వైపున ఉన్న పాత ప్రజా గ్రంథాలయం. 1904లో స్థాపించారు. నిజాం రాజ్యంలో తెలుగు పుస్తకాల కోసం ప్రజలే చందాలు వేసుకుని పెట్టుకున్న గ్రంథాలయాల వరసలో హైదరాబాదులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం (1901) మొదటిది. ఆ నమూనాను రాజధాని దాటించి జిల్లా పట్నానికి తెచ్చిన తొలి ప్రయత్నాల్లో ఇది ఒకటి. ఊళ్ళో దీన్ని పూర్తి పేరుతో పిలిచేవాళ్ళు తక్కువ. భాషా నిలయం అంటే చాలు, దారి చెబుతారు. ఆ పొట్టి పేరులోనే ఈ సంస్థ పుట్టుక ఉంది. గ్రంథ నిలయం అనకుండా భాషా నిలయం అన్నారు. కట్టినవాళ్ళు పుస్తకాలకు ఎంత చోటు వెతికారో భాషకూ అంత చోటు వెతికారు. ఈ ఊరి గ్రంథాలయాల చరిత్రను ఆ కోణం నుంచి చూస్తేనే దాని సంగతులన్నీ ఒక తాటి మీదికి వస్తాయి.

పేరు

రాజరాజ నరేంద్రుడు తూర్పు చాళుక్య రాజు. 1022 నుంచి 1061 దాకా వేంగి దేశాన్ని ఏలాడు. రాజమహేంద్రవరం ఆయన పేరుతో పెనవేసుకున్న ఊరు. నన్నయ భట్టును మహాభారతం తెలుగులో రాయమని కోరిన రాజుగా తెలుగువాళ్ళకు ఆయన గుర్తు. నన్నయ ఆది, సభా పర్వాలు ముగించి అరణ్య పర్వంలో కొంత భాగం రాశాడు. ఆ పనిలో నారాయణ భట్టు ఆయనకు తోడుగా నిలిచాడు. అదే నారాయణ భట్టుకు రాజు నందంపూడి అగ్రహారం ఇచ్చినప్పుడు శాసనం రాసింది నన్నయే.

హనుమకొండ మాత్రం కాకతీయుల ఊరు. రుద్రదేవుడు 1163లో వేయించిన శాసనంతో వేయిస్తంభాల గుడి ఇక్కడే నిలబడి ఉంది. కొద్ది దూరంలో కోట, తోరణాలు. గణపతిదేవుడు, రుద్రమదేవి, ప్రతాపరుద్రుడు ఏలిన గడ్డ మీద నిలబడి, గోదావరి ఒడ్డు రాజు పేరును ఎందుకు ఎంచుకున్నారు? సమాధానం ఆ రాజు చేసిన పనిలోనే ఉంది. కాకతీయుల వైభవానికి గుర్తులు రాళ్ళలో మిగిలాయి. ప్రతాపరుద్రుడి పేరుతో విద్యానాథుడు రాసిన అలంకార గ్రంథమేమో సంస్కృతంలో ఉంది. స్థాపకులకు కావలసినది తెలుగును సభకు పిలిచి పీట వేసిన రాజు. ఆ లెక్కన ఇద్దరే ముందుకు వస్తారు. భారతం రాయించిన రాజరాజ నరేంద్రుడు ఒకరు, ఆముక్తమాల్యద రాసిన కృష్ణదేవరాయలు ఇంకొకరు. రాయల పేరును హైదరాబాదు మూడేళ్ళ ముందే తీసుకుంది. హనుమకొండ నన్నయ కాలానికి వెళ్ళింది.

తర్వాత వరంగల్ మట్టెవాడ వైపు శబ్దానుశాసనాంధ్ర భాషా నిలయం అనే ఇంకో గ్రంథాలయం వచ్చింది. శబ్దశాసనుడు, వాగనుశాసనుడు అన్నవి నన్నయకు ఉన్న బిరుదులు. ఒకే నగరంలో హనుమకొండ రాజు పేరు పెట్టుకుంటే, వరంగల్ ఆయన కవిని తలచుకుంది. పేర్లు పెట్టినవాళ్ళ పుస్తక జ్ఞానం, వాళ్ళ పట్టుదల రెండూ ఈ జంటలో కనిపిస్తాయి.

కాకతీయుల పేరు అప్పుడు తట్టకపోవడానికి ఇంకో కారణమూ ఊహించవచ్చు. 1904 నాటికి తెలుగులో కాకతీయుల చరిత్ర చదువుదామంటే చేతికి అందే పుస్తకమే అరుదు. చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్రము మొదటి భాగం 1910లో గానీ రాలేదు. హైదరాబాదులో తెలంగాణ శాసనాలను వెతికి అచ్చు వేయడానికి పరిశోధక మండలి పుట్టింది 1920 దశకంలో. చరిత్రకారుడు కొమర్రాజు లక్ష్మణరావు 1923లో కన్నుమూశాక దానికే లక్ష్మణరాయ పరిశోధక మండలి అని పేరు మార్చారు. ఆ మండలి తెలంగాణా శాసనములు మొదటి సంపుటం 1935లో వెలువడింది. కళ్ళెదుట ఉన్న శిలాశాసనం కంటే కంఠస్థంగా ఉన్న భారత పద్యమే ఆనాటి చదువరికి దగ్గర.

రైలు దారి, ఉర్దూ బడి

ఒక భాషకు ఇల్లు కావాలనిపించడం ఊరికే జరగదు. హైదరాబాదు రాజ్యంలో జనాభాలో దాదాపు సగం మంది తెలుగు మాట్లాడేవాళ్ళు. అయినా కచేరీలో, కోర్టులో, బడిలో తెలుగుకు చోటు లేదు. 1884 ప్రాంతంలో పారసీని తీసి ఉర్దూను పాలనా భాషగా పెట్టారు. పట్వారీ లెక్కల్లో, బజారులో, ఇంట్లో తెలుగు ఉండేది. బడికి వెళ్ళే పిల్లవాడు అలిఫ్ బేతో మొదలు పెట్టేవాడు. తెలుగు నేర్చుకోవాలంటే వీధి అరుగు మీది ఖానగీ (ప్రైవేటు) బడే గతి. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో మొదలైంది. దేశభాషలో ఉన్నత విద్య చెప్పడం భారతదేశంలో పెద్ద సాహసమే. ఆ గౌరవం ఉర్దూకు దక్కాలి కూడా. కానీ ఆ భాష రాజ్యంలోని ఎక్కువ మంది ఇళ్ళలో మాట్లాడేది కాదు.

ఆ చదువు నుంచి వచ్చిన తెలుగువాళ్ళు ఉర్దూను ద్వేషించలేదు. వరంగల్‌ను చూస్తేనే ఈ సంగతి బాగా తెలుస్తుంది. కాళోజీ నారాయణరావు తెలుగుతో పాటు ఉర్దూ, హిందీ, మరాఠీల్లో చేయి తిరిగినవాడు. ఆయన అన్న రామేశ్వరరావు షాద్ పేరుతో ఉర్దూ కవిత్వం రాశాడు. హనుమకొండలో చదువుకున్న పి.వి. నరసింహారావు ఎన్ని భాషల్లో రాసేవాడో, మాట్లాడేవాడో లోకానికి తెలుసు. భాషా నిలయం తలుపు తెరిచింది తెలుగు కోసం. ఏ భాష మీదా ఆ తలుపు మూయలేదు.

ఇక పుస్తకాలు ఎక్కడి నుంచి రావాలి? ఇక్కడే రైలు ప్రస్తావన వస్తుంది. నిజాం రైల్వే 1886లో సికింద్రాబాదు నుంచి వరంగల్ దాకా వచ్చింది. 1889లో బెజవాడకు కలిసింది. బొగ్గు కోసం, పత్తి కోసం, ధాన్యం కోసం వేసిన పట్టాలవి. కానీ సుమారు 200 కిలోమీటర్ల అవతల కృష్ణా జిల్లాలో, అంతకు పైన మద్రాసులో అచ్చవుతున్న తెలుగు పుస్తకం ఓరుగల్లుకు చేరడానికి అవే దారి అయ్యాయి. 1902లో బందరు నుంచి కృష్ణాపత్రిక మొదలైంది. కాశీనాథుని నాగేశ్వరరావు ఆంధ్రపత్రిక 1908లో బొంబాయి నుంచి వారపత్రికగా, 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా వచ్చింది. నిజాం రాజ్యం లోపల తెలుగు పత్రికలంటూ నిలదొక్కుకోవడానికి 1922 దాకా ఆగవలసి వచ్చింది. ఆ ఏడు వరంగల్ ప్రాంతంలోనే ఇనుగుర్తి గ్రామం నుంచి ఒద్దిరాజు సోదరులు, సీతారామచంద్రరావు, రాఘవరంగారావు, తెనుగు పత్రిక నడిపారు. నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక వచ్చింది. 1926లో సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో గోలకొండ పత్రిక పుట్టింది. అంతకు ముందు రెండు దశాబ్దాలు వరంగల్ పాఠకుడి చేతికి అందిన తెలుగు అచ్చు చాలా మటుకు రైలు దిగి వచ్చినదే. హనుమకొండ గ్రంథాలయం పుట్టుకను కేవలం భాషాభిమానంతో వివరిస్తే ఈ పట్టాల పాత్ర మరుగున పడుతుంది. అభిమానం ఎన్నాళ్ళ నుంచో ఉంది, పుస్తకం రైలుతో వచ్చింది.

1904

1901 సెప్టెంబరు 1న హైదరాబాదు రామకోటిలో రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు దాని వెనక ఉన్నారు. కొమర్రాజు మునగాల దివానుగా పనిచేసినవాడు. తెలుగులో తొలి విజ్ఞాన సర్వస్వానికి పూనుకున్నదీ ఆయనే. ఒక ఇంట్లో మొదలు కావడం ఆ గ్రంథాలయపు విశేషం అనుకుంటాం గానీ, ఆనాటి తెలుగు గ్రంథాలయాలన్నిటి కథా అదే. ఎవరో ఒక వకీలు, జాగీర్దారు, ఉద్యోగి తన ఇంటి ముందు గది ఇస్తాడు. రెండు బీరువాలు వస్తాయి. నెల చందా రాసుకునే రిజిస్టరు ఒకటి మొదలవుతుంది. సొంత కట్టడం ఆ తర్వాతి తరం సంపాదన.

మూడేళ్ళకు హనుమకొండ వంతు వచ్చింది. ఇక్కడ చెప్పుకోవలసిన మనిషి మాడపాటి హనుమంతరావు. 1885లో కృష్ణా జిల్లా పొక్కునూరులో పుట్టి, మెట్రిక్ చదువుతో హనుమకొండ విద్యాశాఖ కార్యాలయంలో ఉద్యోగానికి చేరిన యువకుడు. 1904లో ఆయనకు ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. కొత్తగా పుట్టిన భాషా నిలయానికి కార్యదర్శి అయ్యాడు. పగలు ఉర్దూ కాగితాల మధ్య కొలువు, సాయంత్రం తెలుగు పుస్తకాల లెక్క. ఆయన జీవితంలోని ముఖ్యమైన పనులన్నిటికీ ఇక్కడే తొలి అభ్యాసం జరిగిందని చెప్పవచ్చు. తర్వాత హైదరాబాదు వెళ్ళి వకీలు అయ్యాడు, ఆంధ్రోద్యమానికి పెద్దదిక్కయ్యాడు, నారాయణగూడలో ఆడపిల్లల కోసం తెలుగు మాధ్యమంలో బడి నిలబెట్టాడు, 1951లో హైదరాబాదు నగరానికి మేయరు అయ్యాడు. తెలంగాణా ఆంధ్రోద్యమము అని రెండు భాగాల చరిత్ర కూడా రాశాడు. నిజాం రాజ్యంలోని తెలుగు గ్రంథాలయాల గురించి ఈనాడు మనకు తెలిసిన దాంట్లో పెద్ద వాటా ఆ పుస్తకానిది. గ్రంథాలయంలో మొదలైన మనిషి చివరికి గ్రంథాలయాల చరిత్రకారుడు కావడం ముచ్చటైన సంగతి.

హనుమకొండ తర్వాత 1905లో సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయం వచ్చింది. 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలి పుట్టి, గ్రంథాలయాలకు ఏమి పుస్తకాలు కావాలో ఆలోచించి అచ్చు వేయడం మొదలు పెట్టింది. గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాము లింకను చరిత్ర ఆ మండలి తొలి పుస్తకం. పురాణాలు, ప్రబంధాలు నిండిన బీరువాలోకి అమెరికా అధ్యక్షుడి జీవితం, చరిత్ర, విజ్ఞాన శాస్త్రం తెలుగులో వచ్చి చేరాయి. గ్రంథాలయాలు లేకపోతే ఆ మండలి పుస్తకాలకు పాఠకులు లేరు. మండలి లేకపోతే గ్రంథాలయాల్లో కొత్త చదువు లేదు.

గ్రంథాలయం లోపల

ఆనాటి తెలంగాణ భాషా నిలయాల్లో రెండు భాగాలు ఉండేవి. ఒకటి పుస్తకాల గది. అందులో అద్దాల బీరువాలు, తాళాలు, ఇంటికి తీసుకెళ్ళే పుస్తకాల రిజిస్టరు. రెండోది పఠన మందిరం. బెంచీలు, పొడుగాటి బల్ల, దాని మీద పత్రికలు. సభ్యులకు పుస్తకాలు ఇంటికి ఇచ్చేవారు. పత్రిక మాత్రం ఎవరైనా వచ్చి చదువుకోవచ్చు. చదవను రాని వాళ్ళు కూడా వచ్చేవాళ్ళు. ఒకరు గట్టిగా చదువుతుంటే చుట్టూ చేరి వినడం తెలుగు గ్రంథాలయాల్లో మామూలే. అక్షరం వచ్చినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టే కాలంలో గ్రంథాలయానికి పాఠకుల కంటే శ్రోతలు ఎక్కువ. అందుకే అరుగు, వరండా, ముందు హాలు ఆ కట్టడాల్లో అంత ముఖ్యం. పుస్తకాల గది చిన్నదైనా సర్దుకోవచ్చు గానీ, మనుషులు కూర్చునే చోటు చిన్నదైతే గ్రంథాలయం నడవదు.

ఆ ముందు హాలే సభా స్థలం కూడా. నన్నయ జయంతి, వార్షికోత్సవం, అవధానం, పురాణ కాలక్షేపం, వచ్చిపోయే పండితుడి ఉపన్యాసం అన్నీ అక్కడే. నిజాం ప్రభుత్వం సభలకు ముందస్తు అనుమతి కావాలని గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు తెచ్చినప్పుడు ఈ అలవాటు విలువ పెరిగింది. రాజకీయ సభ అంటే అనుమతి దొరకదు. గ్రంథాలయ వార్షికోత్సవం అంటే కాదనడం కష్టం. వార్షికోత్సవ అధ్యక్షుడు పుస్తకాలతో మొదలు పెట్టి బడుల దాకా, వెట్టిచాకిరీ దాకా వెళ్ళేవాడు. ప్రభుత్వానికి ఈ సంగతి తెలియకపోలేదు. ఖానగీ బడుల మీద ఆంక్షలు పెట్టిన అధికారులే గ్రంథాలయాల మీదా కన్ను వేశారు.

చెదలు, వానాకాలం చెమ్మ, అట్టలు ఊడిన పుస్తకం, తిరిగి రాని పుస్తకం, ఆగిపోయిన చందా. ఇవీ గ్రంథాలయ చరిత్రలో భాగమే. చందాల మీద బతికే సంస్థకు ప్రతి ఏడూ ఎవరో ఒకరు ఇల్లిల్లూ తిరగాలి. వరంగల్ వైపు ఎండాకాలపు వేడికి కాగితం పెళుసుబారుతుంది. వేపాకు, కర్పూరం వేసి బీరువాలు మూయడం, ఏడాదికోసారి పుస్తకాలు దులిపి ఎండలో ఆరబెట్టడం ఆ రోజుల ఇళ్ళలో తెలిసిన ఉపాయాలు. పేరు ఎక్కడా రాయని చేతులు కొన్ని ఈ పని చేశాయి. తెలుగు గ్రంథాలయాలు నూరేళ్ళు నిలిచాయంటే స్థాపకుల గొప్పతనం ఎంతో ఆ చేతుల గొప్పతనమూ అంతే.

1921, 1923

1921 నవంబరులో హైదరాబాదులో వివేకవర్ధిని ఆవరణలో సంఘసంస్కార సభ జరిగింది. ఉర్దూ, మరాఠీ, ఇంగ్లీషు ఉపన్యాసాలు సాగాయి. అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభలో కొందరు ఎగతాళి చేసి కూర్చోబెట్టారు. ఆ రాత్రే ఆంధ్ర జన సంఘం పుట్టింది. మాడపాటి దాని ప్రాణం. జిల్లాల్లో పుట్టిన సంఘాలన్నిటినీ కలుపుతూ ఆంధ్ర జన కేంద్ర సంఘం ఏర్పడి, 1923లో హనుమకొండలో సమావేశమైంది. మొదటి అడుగుకు హనుమకొండను ఎంచుకోవడంలో ఆశ్చర్యం లేదు. పందొమ్మిదేళ్ళుగా తెలుగు గ్రంథాలయం నడుస్తున్న ఊరు, మాడపాటి పాత ఊరు, రైలు దిగితే దగ్గర.

ఆ సంఘం పెట్టుకున్న పనుల్లో గ్రంథాలయాలు, పఠన మందిరాలు, పాఠశాలలు పెట్టడం ముందు వరసలో ఉన్నాయి. తాళపత్రాలు, శాసనాలు సేకరించడం ఇంకొకటి. వర్తక స్వాతంత్ర్యం గురించి, వెట్టిచాకిరీ గురించి చిన్న పుస్తకాలు వేసి పంచింది. 1925లో మధిరలో నిజాం రాజ్యపు తెలుగు గ్రంథాలయ సభ జరిగింది. 1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభ మొదటి సమావేశానికి సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షత వహించాడు. గ్రంథాలయం, ఆ తర్వాత సంఘం, ఆ తర్వాత మహాసభ. ఈ మూడు మెట్లలో మొదటిది భాషా నిలయాల హాలు.

కోస్తా జిల్లాల్లో గ్రంథాలయోద్యమం కొంచెం వేరే దారి పట్టింది. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య చొరవతో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం పుట్టింది. అక్కడ గ్రంథాలయం జాతీయోద్యమంతో చేతులు కలిపింది, విజ్ఞానం పంచడం దాని మాట. ఇక్కడ అన్నిటికంటే ముందు భాషకు చోటు అడగవలసి వచ్చింది. బెజవాడ పాఠకుడికి తెలుగు చదవడం ఒక ఉద్యమం అనిపించి ఉండదు. హనుమకొండ పాఠకుడికి అనిపించింది.

డేరాలు కాలిన కోట

1943 మే 26న హైదరాబాదు రెడ్డి హాస్టలులో నిజాం రాష్ట్రాంధ్ర సారస్వత పరిషత్తు పుట్టింది. 1944లో వరంగల్ కోటలో ఆ పరిషత్తు సభలు పెట్టారు. ఆవరణకు తెలుగు పెద్దల పేర్లు, పందిళ్ళు, డేరాలు, కవి సమ్మేళనం ఏర్పాట్లు. సభకు ముందే మతోన్మాదులు పందిరికి నిప్పు పెట్టారు. కాళోజీ తదితరులు వెనక్కి తగ్గలేదు. బూడిద మీదే సభ నడిచింది. దాశరథి కృష్ణమాచార్య ఆ సమ్మేళనంలో పాల్గొన్న యువకవి, ఆ రోజును తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు.

గ్రంథాలయ చరిత్రలో ఈ ఘటనకు ఏం పని అంటే, తెలుగు సభకు డేరా వేస్తే కాల్చగలిగిన రోజులవి. ఇటుకా సున్నంతో కట్టిన హాలు, ఊళ్ళో నలుగురు పెద్దలు సభ్యులుగా ఉన్న సంస్థ, నలభై ఏళ్ళ రిజిస్టర్లు. వీటిని కాల్చడం అంత సులువు కాదు. పరిషత్తు పరీక్షలకు తెలుగు చదువుకునే యువకులకు ఇలాంటి గ్రంథాలయాలే ఆసరా. పరిషత్తు ప్రాథమిక, ప్రవేశ, విశారద పరీక్షలు పెట్టి, బడిలో దొరకని తెలుగు చదువుకు సర్టిఫికెట్టు ఇచ్చింది. పుస్తకం ఎక్కడ చదవాలన్న ప్రశ్నకు వరంగల్, హనుమకొండల్లో ఏళ్ళ కిందటే జవాబు ఉంది.

1948 సెప్టెంబరులో నిజాం పాలన ముగిశాక పరిస్థితి మారింది. తెలుగు బడుల్లోకి వచ్చింది. హనుమకొండ, వరంగల్‌ల నుంచి పత్రికలు వచ్చాయి. పి.వి. నరసింహారావు, పాములపర్తి సదాశివరావు కలిసి కాకతీయ పత్రిక నడిపారు. ఏ భాషకు ఇల్లు కావాలని 1904లో చందాలు వేసుకున్నారో ఆ భాషకు ఊరంతా ఇల్లయింది. భాషా నిలయం అప్పటి నుంచి ఉద్యమ కేంద్రంగా కంటే సాహిత్య వేదికగా ఎక్కువ బతికింది.

ప్రభుత్వ గ్రంథాలయం వచ్చాక

1955లో హైదరాబాదు రాష్ట్రం గ్రంథాలయ చట్టం చేసింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1960లో రెండు ప్రాంతాలకూ కలిపి కొత్త చట్టం వచ్చింది. జిల్లా గ్రంథాలయ సంస్థలు ఏర్పడ్డాయి. ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సుగా వసూలు చేసి వాటికి ఇవ్వాలని పద్ధతి. చందా అడిగే మనిషి స్థానంలో పన్ను రసీదు వచ్చింది. దాంతో ఊరూరా శాఖా గ్రంథాలయాలు తెరిచారు, జీతం తీసుకునే గ్రంథపాలకుడు వచ్చాడు. వరంగల్‌కు ప్రాంతీయ గ్రంథాలయం దక్కింది. రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం తర్వాతి మెట్టు అది. చుట్టుపక్కల జిల్లాలకు పెద్ద దిక్కు.

చందాతో నడిచే నిలయానికి ఇది మేలూ కీడూ కూడా. పుస్తకం ఉచితంగా దొరికే చోటు పక్కనే ఉంటే చందా కట్టేవాళ్ళు తగ్గుతారు. రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయాన్ని 1979లో ప్రభుత్వం తీసుకుని ప్రాంతీయ గ్రంథాలయంగా చేసింది. హనుమకొండ నిలయం సంస్థగానే మిగిలింది. సొంత పాలకవర్గం, సొంత హాలు, సొంత సభలు. ప్రభుత్వ గ్రంథాలయంలో సాయంత్రం సభకు అనుమతి కాగితాలు నడవాలి. భాషా నిలయంలో కార్యదర్శిని అడిగితే సరి. వరంగల్ రచయితల పుస్తకావిష్కరణలు, సంస్మరణ సభలు, కవి సమ్మేళనాలు అక్కడ జరగడానికి ఈ చిన్న సౌకర్యమే పెద్ద కారణం.

పన్ను పద్ధతిలో ఒక లోపం మాత్రం అందరికీ తెలుసు. సెస్సు వసూలు చేసేది పురపాలక సంఘం, ఖర్చు పెట్టవలసినది గ్రంథాలయ సంస్థ. వసూలైన డబ్బు అటు నుంచి ఇటు సమయానికి రాదు. తెలుగు రాష్ట్రాల్లో గ్రంథాలయాల గోడలు పెచ్చులూడినా కొత్త పుస్తకాలు రాకపోయినా చాలాసార్లు మూలం ఈ బకాయిలే. పాఠకుడు ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయానికి డబ్బు కట్టేశాడు. ఆ సంగతి అతనికి తెలియదు. తెలిస్తే అడుగుతాడు, అడగాలి కూడా.

నగరానికి తర్వాత ఇంకా గ్రంథాలయాలు వచ్చాయి. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల (ఈనాటి ఎన్‌ఐటీ) గ్రంథాలయం, 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయ గ్రంథాలయం పెద్దవి. అవి విద్యార్థులవి. దారిన పోయే మనిషి చెప్పులు విడిచి లోపలికి వచ్చి పేపరు తీసుకోగలిగేవి భాషా నిలయం లాంటి ప్రజా గ్రంథాలయాలే.

ఆంధ్ర అన్న మాట

1904లో ఆంధ్ర భాష అంటే తెలుగు భాషే. వేరే అర్థం లేదు. ఆంధ్రోద్యమం అంటే నిజాం రాజ్యంలో తెలుగువాళ్ళ ఉద్యమం. 1956 తర్వాత ఆ మాటకు కోస్తా, రాయలసీమ ప్రాంతాల వాసన అంటింది. 1969 ఉద్యమంలో, ఆ తర్వాత మలి ఉద్యమంలో తెలంగాణ, ఆంధ్ర అన్నవి ఎదురెదురు మాటలయ్యాయి. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడ్డాక ఆంధ్ర సారస్వత పరిషత్తు తెలంగాణ సారస్వత పరిషత్తుగా పేరు మార్చుకుంది. దాన్ని తప్పు పట్టనక్కర్లేదు. మాట అర్థం మారినప్పుడు బోర్డు మారడం సహజం.

హనుమకొండలో సాహిత్య సభల ఆహ్వాన పత్రికల మీద రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం అన్న పాత పేరే నడుస్తూ వచ్చింది. తెలంగాణ ఉద్యమానికి గొంతు ఇచ్చిన ఊరు ఇది. కాళోజీ పుట్టిన సెప్టెంబరు 9ని రాష్ట్రం తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటుంది. పలుకుబడుల భాషలో రాయమని, బడిపలుకుల భాష చాలదని జీవితమంతా చెప్పిన కాళోజీ, ఆయన చుట్టూ పెరిగిన మిత్రమండలి రచయితలు ఈ నగరం వాళ్ళే. ఆ రచయితల ఊళ్ళో నన్నయ రాజు పేరున్న హాలు ఉండడంలో పేచీ ఏమీ కనిపించదు. నన్నయ చేసిందీ తన కాలపు పాఠకుడికి అందే భాషలో కథ చెప్పడమే. పేరును తీసివేస్తే 1904లో ఉర్దూ కచేరీ నుంచి ఇంటికి పోతూ దారిలో ఆగిన కుర్ర గుమాస్తా మాడపాటి ఏ అర్థంలో ఆ మాట వాడాడో చెప్పే గుర్తు ఒకటి పోతుంది.

ప్రస్తుతం

2021లో వరంగల్ అర్బన్ జిల్లా పేరు హనుమకొండ జిల్లా అయింది. కాజీపేట, హనుమకొండ, వరంగల్ కలిసి మూడూళ్ళ నగరంగా పెరిగాయి. గ్రంథాలయాలకు వచ్చేవాళ్ళూ మారారు. నగరంలోని పఠన మందిరాల్లో ఉదయాన్నే బ్యాగు, నీళ్ళ సీసా, టిఫిను డబ్బాతో వచ్చి సీటు పట్టుకునేది పోటీ పరీక్షల పిల్లలు. గ్రూప్స్, కానిస్టేబుల్, టీచరు పోస్టులు. వాళ్ళకు బీరువాలోని నవల అక్కర్లేదు. ఫ్యాను, ప్లగ్గు, వైఫై, నిశ్శబ్దం కావాలి. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చి అద్దె గదిలో నలుగురు సర్దుకునే పిల్లలకు ఊళ్ళో పైసా అడగకుండా రోజంతా కూర్చోనిచ్చే చోటు గ్రంథాలయం ఒక్కటే. దీన్ని గ్రంథాలయ పతనంగా వర్ణించే పెద్దలు ఉన్నారు. 1904లో వచ్చినవాళ్ళలోనూ ఉద్యోగం కోసం చదువుకునే కుర్రాళ్ళు లేకపోలేదు. బతుకుతెరువు కోసం గ్రంథాలయానికి రావడంలో చిన్నతనం లేదు.

సాయంత్రం ఆరు దాటాక పేపర్లు మడత పెట్టి, బెంచీలు వేదిక వైపు తిప్పి, మైకు సరిచూస్తారు. సభ ఉన్న రోజు చదువుకునే పిల్లలు కొందరు పుస్తకాలు సర్దుకుని వెళ్తారు, కొందరు వెనక బెంచీలో అలాగే కూర్చుంటారు.